పక్కవి బతకాలి, ఒక్క రకమే పోవాలి: నా సాపొరిన్ ప్రాజెక్టు డైరీ

జూన్ 4

ఎథిక్స్ కమిటీ అప్రూవల్ ఇవ్వాళ చేతికొచ్చింది, మూడు నెలల నుంచి దీని కోసమే కూర్చున్నాం. 28 మగ విస్టార్ (ల్యాబుల్లో పెంచే ఒక రకం) ఎలకలు, మూడు రకాల సర్జరీలు, తర్వాత ఈత పరీక్ష, చివర్లో మెదడు సెక్షన్లు. కమిటీలో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది, "న్యూరాన్లు చంపడానికి ఇబోటెనిక్ యాసిడ్ ఉంది కదమ్మా, ఇంత ఖరీదు పెట్టి ఈ టాక్సినే ఎందుకు" అని. అప్పుడు తడబడ్డాను గానీ ఇంటికొచ్చాక సరిగ్గా జవాబు రాసుకున్నా, అది ఇక్కడ పెడుతున్నా.

1976లో డేవీస్, మలోనీ ఇద్దరూ అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ళ మెదళ్ళలో ఎసిటైల్‌కోలిన్ అనే, న్యూరాన్లు కబురు పంపుకోడానికి వాడే రసాయనాన్ని తయారుచేసే ఎంజైమ్ బాగా పడిపోయిందని చూపించారు, 1982లో వైట్‌హౌస్ వాళ్ళ టీమ్ ఆ ఎసిటైల్‌కోలిన్ పంపే న్యూరాన్లే మెదడు అడుగుభాగంలో, బేసల్ ఫోర్‌బ్రెయిన్ అంటామే అక్కడ, రాలిపోతున్నాయని చెప్పారు. సరే అయితే ఎలకలో అవే న్యూరాన్లు తీసేసి జ్ఞాపకం పోతుందేమో చూద్దాం అని అందరూ మొదలెట్టారు. ఇబ్బంది ఏంటంటే ఆ న్యూరాన్లు ఒక గుంపుగా విడిగా ఉండవు, గాబా, గ్లుటమేట్ అనే వేరే రసాయనాలు పంపే న్యూరాన్లు వాటి మధ్యలోనే కలిసిపోయి ఉంటాయి. ఇబోటెనిక్ యాసిడ్ పోస్తే కలుపు తియ్యమంటే చేనంతా దున్నేసినట్టే, ఎలక దారి మర్చిపోయిందంటే ఏది పోయినందుకు మర్చిపోయిందో చెప్పలేం.

1991లో వైలీ, ఓల్ట్‌మన్, లాపీ దీనికి దారి చూపించారు. ఈ ఎసిటైల్‌కోలిన్ పంపే న్యూరాన్ల (వీటినే కోలినెర్జిక్ అంటాం) పైపొర మీద పి75 అనే రిసెప్టర్ ఉంటుంది, దాన్ని మాత్రమే పట్టుకునే 192 ఐజీజీ అనే మౌస్ (చిట్టెలక) యాంటీబాడీకి (ఐజీజీ అంటే యాంటీబాడీల్లో ఒక రకం) సాపొరిన్ అనే విషాన్ని అతికించారు. యాంటీబాడీ వెళ్ళి పి75ని పట్టుకుంటుంది, సెల్ ఆ రిసెప్టర్‌తో పాటు దీన్నీ లోపలికి లాక్కుంటుంది, లోపలికి వెళ్ళాక సాపొరిన్ పని మొదలవుతుంది. పి75 లేని పక్క సెల్ బతుకుతుంది. నాకు కావాల్సింది ఈ ఒక్కటే.

జూన్ 21

టాక్సిన్ వయల్ వచ్చింది. మధ్యలో ఎక్కడో నాలుగు రోజులు ఆగిపోయి వచ్చింది, డబ్బా తెరిచేసరికి అడుగున గుప్పెడు డ్రై ఐస్ మాత్రమే మిగిలింది, ఇంకో పూట ఆలస్యమైతే అంతా పోయేదే. వయల్ పట్టుకుంటే గట్టిగానే ఉంది, కరగలేదు, అయినా మనసు ఒప్పుకోక ముందు పైలట్‌లో, అంటే కొద్ది ఎలకల మీద, పనిచేస్తుందో లేదో చూసుకున్నాకే అసలు బ్యాచ్ మొదలెడదామని మేడమ్‌తో చెప్పా, ఆవిడ కూడా అదే అన్నారు.

వచ్చిన రోజే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచేశాను, ఒక్కో ట్యూబులో ఒక సర్జరీ రోజుకి సరిపడా మాత్రమే. ఇది కొత్తగా చేసేవాళ్ళు తప్పకుండా పాటించండి, పెద్ద వయల్‌ని మాటిమాటికీ కరిగించి మళ్ళీ గడ్డకట్టిస్తే ప్రొటీన్ బలం తగ్గుతుంది, మొదటి ఎలకకి పడిన డోసూ పదో ఎలకకి పడిన డోసూ ఒకటి కాదు, అది మనకి తెలియను కూడా తెలియదు. ట్యూబుల మీద ఎర్ర టేపు వేసి "టాక్సిన్, నన్ను అడగకుండా ముట్టొద్దు" అని తెలుగులోనే రాశా. రెండు జతల గ్లవ్స్, వాడిన టిప్పులకి వేరే డబ్బా.

జూన్ 23, రాత్రి

అమ్మ ఫోన్ చేసి ఏంటే ఆ విషం అని అడిగింది, పాలమూరు వైపు మా ఊళ్ళో ఆముదాలు పండిస్తారు కాబట్టి ఆముదంతోనే మొదలుపెట్టి చెప్పా. నూనె తీశాక మిగిలిన ఆముదం చెక్క పశువులకి పెట్టరు కదా, పొలంలో ఎరువుగా వేస్తారు, ఎందుకంటే అందులో రిసిన్ అనే విషం ఉంటుంది. సాపొరిన్ దాని చుట్టమే. యూరప్ వైపు పెరిగే సోప్‌వర్ట్ అనే మొక్క గింజల్లోంచి వస్తుంది, మనకి కుంకుడుకాయ ఎలాగో వాళ్ళకి ఆ మొక్క అలాగ, నురగ వస్తుంది కాబట్టి బట్టలు ఉతికేవాళ్ళట. (నురగ వచ్చేది సాపొనిన్ వల్ల, అది వేరు, సాపొరిన్ వేరు, పేర్లు దగ్గరగా ఉన్నాయని కలిపేసుకోవద్దు.)

రెండూ చేసే పని ఒకటే. సెల్‌లో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఉంటుంది కదా, దాని 28ఎస్ ఆర్ఎన్ఏలో ఒక చోట, ఎలకలో అయితే 4324వ స్థానంలో, ఒక్క అడినిన్‌ని పీకేస్తాయి. అంత పొడుగు దారంలో ఒక్క ముడి విప్పినట్టు. ఆ ఒక్కటి పోతే ఆ రైబోజోమ్ ఇక ప్రొటీన్ చెయ్యలేదు. ఇది 1987లో ఎండో, త్సురుగి రిసిన్ మీద కనిపెట్టారు.

తేడా ఎక్కడంటే రిసిన్‌కి రెండు గొలుసులున్నాయి, ఒకటి దాదాపు ఏ సెల్‌నైనా పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది, రెండోది లోపల చంపుతుంది. సాపొరిన్‌కి ఆ పట్టుకునే గొలుసే లేదు. లోపలికి వెళ్తే చంపుతుంది గానీ తనంతట తాను వెళ్ళడం చాలా కష్టం, అందుకే దానికి యాంటీబాడీ అతికిస్తే ఆ యాంటీబాడీ చూపించిన సెల్‌లోకే వెళ్తుంది. అంటే ఈ పద్ధతిలో చంపేది సాపొరిన్ అయినా ఎవరిని చంపాలో చెప్పేది యాంటీబాడీ, మనం అనుమానించాల్సింది కూడా దాన్నే. ఆ అడ్రసు ఇంకెక్కడెక్కడ ఉందో ముందే తెలుసుకోకపోతే కష్టం.

అమ్మ అంతా విని "ఆ ఎలకలకి నొప్పి ఉండదు కదా" అంది. మత్తు ఇస్తాం, తర్వాత నొప్పి మందు ఇస్తాం అని చెప్పా. నిజంగానే ఇస్తాం, అయినా ఆ ప్రశ్న రోజూ అడుగుతూనే ఉండాలని నాకనిపిస్తుంది.

జూలై 2

పైలట్ సర్జరీలు అయిపోయాయి, ఆరు ఎలకలు. రెండింటికి టాక్సిన్ సెప్టమ్‌లోకి నేరుగా (బేసల్ ఫోర్‌బ్రెయిన్‌లో ఒక భాగం, దారులూ జ్ఞాపకాలూ చూసే హిప్పోకాంపస్‌కి ఇక్కడి నుంచే కోలినెర్జిక్ తీగలు వెళ్తాయి), రెండింటికి వెంట్రికల్ అనే మెదడు నీళ్ళుండే గదిలోకి పెద్ద డోసు 4 మైక్రోగ్రాములు (ఇవి టాక్సిన్ బతికే ఉందా అని తెలుసుకోడానికి), రెండింటికి కంట్రోల్, అంటే దేన్నీ ప్రత్యేకంగా పట్టుకోని మామూలు మౌస్ ఐజీజీకి అతికించిన సాపొరిన్. సెలైన్ కంట్రోల్ సరిపోదు, ఎందుకంటే సెలైన్‌తో సూది గుచ్చిన దెబ్బ మాత్రమే తెలుస్తుంది, సాపొరిన్ అడ్రసు లేకుండా అక్కడ పడితే ఏమవుతుందో తెలియదు.

సెప్టమ్ సరిగ్గా మెదడు నడిమధ్యలో ఉంటుంది, దాని పైనే పెద్ద రక్తనాళం, సాజిటల్ సైనస్. మొదటి ఎలకకి డ్రిల్ కొంచెం మధ్యకి జరిగింది, ఒక్కసారిగా రక్తం ఉబికింది, జెల్‌ఫోమ్ నొక్కిపట్టుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడ్డా. ఆగింది, ఎలక బతికింది. రెండో దాని నుంచి మధ్య గీత వదిలేసి 0.6 మిల్లీమీటర్లు పక్కకి రెండు వైపులా పెట్టా. బ్రెగ్మా (పుర్రె ఎముకలు కలిసే గుర్తు) నుంచి ముందుకి అర మిల్లీమీటరు. సూది దించేటప్పుడు కంటే తీసేటప్పుడు ఓపిక కావాలి, ద్రవం నిమిషానికి 0.05 మైక్రోలీటర్ చొప్పున పోసి, పోశాక ఐదు నిమిషాలు అలాగే వదిలి, తర్వాత మెల్లగా లాగాలి, లేకపోతే సూది వెంబడే టాక్సిన్ పైకొచ్చేస్తుంది.

జూలై 12

ఎలకలు చూసుకునే అన్న పొద్దున్నే పిలిచాడు, "అమ్మా, మూడో పంజరంలోవి రెండూ తూలుతున్నయ్, ఒక్కసారి చూడు" అని. వెళ్ళి చూస్తే వెంట్రికల్ డోసు ఇచ్చినవి. నడుస్తుంటే వెనక కాళ్ళు ఎడంగా పడుతున్నాయి. ఇది పుస్తకంలో చదివిన సంగతే, పి75 సెరిబెల్లమ్‌లో (నడక తూకం చూసే చిన్నమెదడు) పర్కింజే అనే సెల్స్ మీద కూడా ఉంటుంది, వెంట్రికల్‌లో పోసిన టాక్సిన్ మెదడు నీళ్ళతో పాటు అక్కడిదాకా పోతుంది. చదివినప్పుడు ఒక వాక్యం, కళ్ళ ముందు ఒక ప్రాణి తూలుతుంటే వేరు. మేత గిన్నె పంజరం లోపలే కింద పెట్టించా, నీళ్ళ సీసా మూతి కిందకి దించా, రెండు రోజుల ముందే వాటి మెదడు తీసెయ్యడానికి మేడమ్ ఒప్పుకున్నారు.

అన్న కళ్ళు లేకపోతే ఇది నేను ఇంకో రోజు ఆలస్యంగా గమనించేదాన్ని. ఆయన పేరు థీసిస్‌లో మొదటి పేజీలోనే ఉంటుంది.

జూలై 19

ఎసిటైల్‌కోలినెస్టరేజ్ స్టెయిన్ చేశాం, కోలినెర్జిక్ తీగలున్న చోట రంగు పట్టే పద్ధతి ఇది. సోడియం సల్ఫైడ్ ట్రేలో సెక్షన్లు వేసేటప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన, హుడ్ కింద పెట్టినా ముక్కుకి తగులుతూనే ఉంది. కంట్రోల్ ఎలక హిప్పోకాంపస్ ముందు వేశా. నిమిషంలో గోధుమ రంగు పట్టడం మొదలైంది, దానిలో డెంటేట్ గైరస్ అనే భాగం చుట్టూ పట్టీలు పట్టీలుగా, చీర అంచు జరీలాగా ఒకదాని కింద ఒకటి. తర్వాత సెప్టమ్‌లో టాక్సిన్ వేసిన ఎలకది వేశాను. అదే ట్రే, అదే టైము. హిప్పోకాంపస్ లేత పసుపుగా అలాగే ఉండిపోయింది. పక్కనే కాడేట్ (సెప్టమ్ తీగలతో సంబంధం లేని భాగం) నల్లగా మారిపోయింది, అంటే స్టెయిన్ పనిచేస్తోంది, హిప్పోకాంపస్‌కి వచ్చే తీగలే లేవు. నేను, మా జూనియర్ ఇద్దరం ఆ ట్రే చుట్టూ ఎంతసేపు నిలబడ్డామో తెలియదు.

టాక్సిన్ బతికే ఉంది. డ్రై ఐస్ బెంగ ఇవ్వాళ తీరింది.

ఆగస్టు 3

గత పది రోజులు చాలా నలిగాం, ఇది వివరంగా రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది.

కోలినెర్జిక్ న్యూరాన్లు పోయాయని చూపిస్తే సగమే, పక్కనున్న గాబా న్యూరాన్లు బతికున్నాయని చూపిస్తేనే పూర్తి. వాటికి గుర్తు పార్వాల్బ్యుమిన్ అనే ప్రొటీన్. ల్యాబులో పాత మౌస్ యాంటీ-పార్వాల్బ్యుమిన్ యాంటీబాడీ ఉంటే అదే వాడా. స్లైడు పెట్టి చూస్తే సెప్టమ్‌లో అంతా వెలుగే, న్యూరాన్ల ఆకారం లేదు, రక్తనాళాలన్నీ మెరుస్తున్నాయి, సూది వెళ్ళిన దారి అయితే వెల్ల వేసిన గీతలాగా ఉంది. మొదట నా సర్జరీ వల్లే అంత దెబ్బ తగిలిందనుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు బ్లాకింగ్ (అక్కర్లేని చోట యాంటీబాడీ అతుక్కోకుండా ముందు సీరం పోయడం) పెంచా, యాంటీబాడీ పల్చన చేశా, కడగడం డబుల్ చేశా, ఏం మారలేదు.

అప్పుడు, మొదటి రోజే చెయ్యాల్సిన పని చేశా. ప్రైమరీ యాంటీబాడీ (ప్రొటీన్‌ని పట్టుకునేది) అస్సలు వెయ్యకుండా సెకండరీ (ప్రైమరీని పట్టుకుని వెలిగేది) ఒక్కటే వేసి చూశా. అదే వెలుగు. అంటే నేను చూస్తున్నది పార్వాల్బ్యుమిన్ కానే కాదు. మౌస్ యాంటీబాడీని పట్టుకోవాల్సిన సెకండరీ ఎలక సొంత ఐజీజీని కూడా పట్టేసుకుంటోంది, మౌస్‌కీ ర్యాట్‌కీ (మా ఎలకలు ర్యాట్‌లే) ఐజీజీలు దగ్గరి చుట్టాలు కదా, సూది దారిలో రక్తం కారిన చోట ఎలక ఐజీజీ నిండా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ. అందులోనూ మేం లోపలికి పంపిన టాక్సిన్ కూడా మౌస్ యాంటీబాడీయే, అది ఏమైనా మిగిలుంటే దాన్నీ పట్టుకుంటుంది.

దీనికి రెండు దారులున్నాయి, ర్యాట్ సీరంతో శుద్ధి చేసిన సెకండరీ కొనడం, లేదా కుందేలులో తయారైన ప్రైమరీకి మారడం. పక్క ల్యాబు వాళ్ళ దగ్గర కుందేలు యాంటీబాడీ ఉంటే కొంచెం అడిగి తెచ్చుకున్నా. నిన్న చూస్తే నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఒక్కో న్యూరాన్ విడివిడిగా, కొమ్మలతో సహా. టాక్సిన్ ఎలకలో కూడా ఉన్నాయి. సూది దారి సన్నటి గీత మాత్రమే.

మా జూనియర్, ఎసిటైల్‌కోలిన్ తయారుచేసే ఎంజైమ్ అయిన కోలిన్ ఎసిటైల్‌ట్రాన్స్‌ఫరేస్ స్టెయిన్‌కి మేక సీరంతో బ్లాక్ చెయ్యబోతుంటే నేను ఆపా. ఆ ప్రైమరీ మేకదే, సెకండరీ మేక ఐజీజీని పట్టుకునేదే, మేక సీరం పోస్తే ట్రే అంతా వెలుగే. "అక్కా, మనం ఆ పది రోజులు పడ్డాం కాబట్టి గుర్తొచ్చింది, లేకపోతే పోసేసేదాన్నే" అంది. ఏ యాంటీబాడీ ఏ జంతువులో పుట్టింది, ఏ జంతువు మెదడు మీద వేస్తున్నాం, సెకండరీ ఎవర్ని పట్టుకుంటుంది, ఈ మూడూ బెంచి మీద కాగితం అతికించి రాసిపెట్టా.

ఆగస్టు 20

అసలు బ్యాచ్ సర్జరీలు అయ్యాయి, పది టాక్సిన్, పది కంట్రోల్. ఏది ఏదో నాకు తెలియకుండా ట్యూబుల మీద నంబర్లు జూనియర్ వేసింది, కోడ్ ఉన్న కవరు మేడమ్ బీరువాలో ఉంది. వెంట్రికల్ గ్రూపు లేదు, పైలట్‌లో ఆ తూలడం చూశాక ఎవరికీ మనసు రాలేదు, అవసరమూ లేదు.

సెప్టెంబర్ 13

ఈత పరీక్ష. మోరిస్ వాటర్ మేజ్ అంటే పెద్ద గుండ్రటి తొట్టి, నీళ్ళు తెల్లగా చేసి అడుగున కనబడకుండా చిన్న పీట పెడతాం, గోడల మీద బొమ్మలు చూసి ఎలక దారి గుర్తుపెట్టుకుని పీట ఎక్కాలి. రోజుకి నాలుగు సార్లు, ఐదు రోజులు. మొదటి రోజు అన్నీ గోడ పట్టుకుని తిరిగాయి, నాలుగో రోజుకి దాదాపు అన్నీ నేరుగా వెళ్ళిపోతున్నాయి. ఇరవైలో ఒక్కటే, 14వ నంబరు, రోజూ వెనకబడింది.

కోడ్ విప్పకుండానే నాకు అర్థమవుతోంది, పది టాక్సిన్ ఎలకలుంటే ఒక్కటే వెనకబడిందంటే మిగతా తొమ్మిదీ నేర్చుకున్నాయనే కదా. ఇది కొత్త వింత కూడా కాదు, 1995లో బాక్స్‌టర్, గాలగర్ వాళ్ళ టీమ్ ఇదే టాక్సిన్‌తో చేసి దారి నేర్చుకోవడం పెద్దగా దెబ్బతినలేదని రాశారు, పాత పద్ధతులతో వచ్చిన పెద్ద మతిమరుపులో ఎక్కువ భాగం పక్క న్యూరాన్లు పోయినందువల్లే కావచ్చని అప్పటినుంచే అందరూ ఆలోచనలో పడ్డారు. చదివే చేశా, అయినా లోపల ఎక్కడో పెద్ద తేడా రావాలని ఉండింది.

సెప్టెంబర్ 29

సెక్షన్లన్నీ చూశాం. 14వ నంబరుని వదలకుండా సెరిబెల్లమ్ కూడా కోసి, పర్కింజే సెల్స్ కనబడే కాల్‌బిండిన్ స్టెయిన్ చేశా. పర్కింజే సెల్స్ వరసగా, ముత్యాలు గుచ్చినట్టు ఉండాలి, దీనిలో అక్కడక్కడా మూడు నాలుగు ముత్యాల ఖాళీలు. సెప్టమ్ వైపు సెక్షన్ చూస్తే ఎడమ సూది దారి లాటరల్ వెంట్రికల్ గోడని తాకుతూ దిగింది, వెంట్రికల్ సెప్టమ్ పక్కనే కదా, కొంత టాక్సిన్ అందులోకి కారి ఉంటుంది. పీట కనబడేలా జెండా పెట్టి చేసిన పరీక్షలో కూడా ఇది ఆలస్యంగానే ఎక్కింది, ఈత వేగమే తక్కువ. అంటే మర్చిపోవడం గురించి ఈ ఎలక నాకు ఏమీ చెప్పలేదు.

లెక్కలోంచి తీసేశా, కవరు విప్పకముందే, మేడమ్ ముందు సంతకం పెట్టి. "అక్కా, అదొక్కటేగా మనకి తేడా చూపించింది, ఉంచితే సగటు కొంచెం కదిలేది" అని జూనియర్ బాధపడింది. ఆ అమ్మాయిని కోప్పడలేదు, పక్కన కూర్చోబెట్టి ఆ ఖాళీలు మైక్రోస్కోప్‌లో చూపించా, చాలాసేపు చూసి తనే స్లైడు పెట్టెలో విడిగా పెట్టింది. ఇంకో ఎలకలో రెండో వైపు ఇంజెక్షన్ లోతు చాలక సగం న్యూరాన్లు మిగిలిపోయాయి, అదీ పోయింది. తర్వాత కవరు విప్పాం, రెండూ టాక్సిన్‌వే. మిగిలిన ఎనిమిదింటిలో సెప్టమ్ కోలినెర్జిక్ న్యూరాన్లు దాదాపు లేవు, పార్వాల్బ్యుమిన్ న్యూరాన్లు కంట్రోల్‌కి దగ్గరగానే ఉన్నాయి, దారి మాత్రం కంట్రోల్ ఎలకల్లాగే నేర్చుకున్నాయి.

అక్టోబర్ 17

ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టి ఇంకో పన్నెండు ఎలకలు తెచ్చుకున్నాం. ఈసారి సెప్టమ్ కాదు, కార్టెక్స్‌కి (మెదడు పైపొర) తీగలు పంపే న్యూక్లియస్ బేసాలిస్. 1996లో మెక్‌గాఫీ, సార్టర్ వాళ్ళు అక్కడ ఇదే టాక్సిన్ వేసి, ఎలకల్లో దెబ్బతినేది శ్రద్ధ అని చూపించారు, మెరుపులాగా వచ్చి పోయే లైటుని పట్టుకోవడం. అమ్మమ్మ గురించి ఆలోచిస్తే నాకు ఇది ఇంకా దగ్గరగా అనిపిస్తుంది, ఆవిడ మా పేర్లు మర్చిపోకముందే, పొయ్యి మీద పాలు పెట్టి పక్కకి తిరిగేది, పాలు పొంగిపోయేవి.

ఒక సంగతి ముందే రాసుకుంటున్నా, న్యూక్లియస్ బేసాలిస్ నుంచి అమిగ్డలా అనే భాగానికి వెళ్ళే కోలినెర్జిక్ న్యూరాన్ల మీద పి75 ఉండదు, అవి ఈ టాక్సిన్‌కి దొరకవు. కాబట్టి "న్యూక్లియస్ బేసాలిస్ కోలినెర్జిక్ న్యూరాన్లన్నీ తీసేశాం" అని నేను ఎక్కడా రాయకూడదు.

ఈసారి శిక్షణ ముందు, సర్జరీ తర్వాత. పెట్టెలో ఒక గోడకి ఐదు కన్నాలు, ఏదో ఒక దాంట్లో లైటు వెలుగుతుంది, అందులో మూతి పెడితే వెనక గోడ గిన్నెలో చక్కెర గుళిక పడుతుంది. మొదటి వారమంతా ఎలకలు గిన్నె దగ్గరే కూర్చున్నాయి. ఇవ్వాళ 7వ నంబరు గిన్నె వదిలి వచ్చి, పెట్టె మధ్యలో కదలకుండా నిలబడి మీసాలు ముందుకి పెట్టి ఐదు కన్నాలవైపు చూసింది, నాలుగోది వెలగగానే వెళ్ళి మూతి పెట్టింది. ప్రస్తుతం లైటు పది సెకన్లు ఉంటోంది, అర సెకనుకి తగ్గించేదాకా ఇంకో రెండు నెలలైనా పడుతుంది, ఎర్ర టేపు ట్యూబులు అప్పటిదాకా ఫ్రీజర్‌లోనే.